లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్‌టైమ్?

"లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్" అనే మాట మీద నాకు చాలా కోపం ఉంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఒకసారి పోసిన ఆయిల్ బండి ఉన్నంతకాలం మార్చక్కర్లేదు అని నమ్మించడానికి పుట్టిన మాట ఇది. రోజూ ఒక్కడే ఆఫీసుకి వెళ్ళొచ్చే చిన్న కారైతే పోన్లే అనుకోవచ్చు. వెనక మూడు టన్నుల ట్రెయిలర్ కట్టుకుని కొండెక్కే పికప్ ట్రక్కుకి కూడా అదే మాట చెప్తే మాత్రం అది అబద్ధమనే అంటాను.

మనకెందుకు ఈ గొడవ అంటారేమో. నిజమే, ఇక్కడ మనం చూసే బొలెరో పికప్‌లు దాదాపు అన్నీ మాన్యువల్ గేర్లే. అరిగితే క్లచ్ ప్లేటు మారుస్తారు, అయిపోయింది. హైలక్స్, వి-క్రాస్ ఆటోమేటిక్‌లో దొరికినా వాటికి ట్రెయిలర్ కట్టేవాళ్ళు మన రోడ్ల మీద కనబడరు. అమెరికాలో అలా కాదు. అక్కడ పికప్ అంటే ఫ్యామిలీ బండి కూడా. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ దశాబ్దాలుగా అమ్మకాల్లో ముందు వరసలో ఉంది. మన సీనియర్లు ఎమ్మెస్‌కి వెళ్ళి, ఉద్యోగం వచ్చాక టెక్సాస్‌లోనో ఇంకోచోటో సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొనడం మామూలైపోయింది. డాలస్ దగ్గరుండే మా పెదనాన్నగారి అబ్బాయి అలాగే కొన్నాడు. క్యాంపింగ్ ట్రెయిలర్ లాగాలని ప్లాన్. "కోడ్ చదువుతావు కదా, ఇదీ చదివిపెట్టరా" అని మాన్యువల్ పీడీఎఫ్ నాకు పంపాడు. చదివాక వచ్చిందే ఈ కోపం.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ముందుండే టార్క్ కన్వర్టర్ పని సుమారుగా ఇంతే, గాలికి బదులు ఆయిల్. ఇంజిన్ తిరిగినంత వేగంగా అవతలి వైపు తిరగదు. ఆ తేడా అంతా వేడి కింద మారి ఆయిల్‌లోకే పోతుంది. సమంగా ఉన్న రోడ్డు మీద లాకప్ క్లచ్ రెండు వైపుల్నీ బిగించేస్తుంది కాబట్టి వేడి తగ్గుతుంది. బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతుంటే ఆ లాక్ మాటిమాటికీ వదులుతుంది. ఇక చూస్కోండి.

ఆ ఆయిల్ చేసే పని ఒక్కటి కాదు. గేర్లు మార్చే ప్రెజర్ అదే, లూబ్రికేషన్ అదే, వేడిని కూలర్ దాకా మోసుకెళ్ళేది అదే, లోపలి క్లచ్‌లు జారకుండా పట్టుకోవడానికి కావాల్సిన రాపిడి గుణం కూడా అందులోనే ఉంటుంది. వేడికి అది పాడైతే క్లచ్ జారుతుంది, జారితే ఇంకా వేడి, ఆ వేడికి ఆయిల్ ఇంకా పాడు. బ్రేక్ కండిషన్ లేని లూప్.

మరి కంపెనీలకి ఇది తెలీదా? బాగా తెలుసు. రామ్ 1500 లాంటి పికప్‌లలో వాడే 8-స్పీడ్ గేర్‌బాక్సు డిజైన్ జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్‌ది. వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, లేదంటే ఎనిమిదేళ్ళకో ఆయిల్ మార్చమని జెడ్‌ఎఫ్ తనే చెప్తుంది. అదే కుటుంబం గేర్‌బాక్సులు కొని బిగించుకునే కొన్ని కార్ కంపెనీలు మాత్రం "లైఫ్‌టైమ్" అంటాయి. తయారు చేసినవాడి మాట వినాలా, బిగించినవాడి మాటా? ఇంకో తమాషా ఏంటంటే, మాన్యువల్‌లో నిజం రాసే ఉంటుంది, కాకపోతే వెనక పేజీల్లో, "సివియర్ సర్వీస్" అనే పేరు కింద. చాలా జీఎమ్ పికప్‌లకి ఆ పట్టిక ప్రకారం 45,000 మైళ్ళకే ఆయిల్ మార్చాలి. సివియర్ అంటే ఎడారిలో రేసులు అనుకునేరు. తరచూ ట్రెయిలర్ లాగడం, కొండ దారులు, ఎండలో సిటీ ట్రాఫిక్. అంటే డాలస్‌లో ఆగస్టు నెలలో ఆఫీసుకి వెళ్ళే ప్రతివాడూ దాదాపు ఆ లెక్కలోకే వస్తాడు.

ఇంకో నమ్మకం ఉంది, ఇది మన దగ్గరా వింటాం: "పాత గేర్‌బాక్సులో ఆయిల్ మారిస్తే చచ్చిపోతుంది, ముట్టుకోకు." దీనికి కారణం సింపుల్ అని నా అభిప్రాయం. లక్షన్నర మైళ్ళు ఆయిల్ మార్చనివాడు ఎప్పుడు మారుస్తాడు? గేర్లు జారడం మొదలయ్యాక. వారం తర్వాత బండి ఆగిపోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. క్రాష్ అవుతున్న సర్వర్‌ని చివరి నిమిషంలో రీస్టార్ట్ చేసినవాడిదే తప్పన్నట్టు. అయితే ఇందులో ఒక్క ముక్క ఒప్పుకోవాలి: బాగా పాతబడిన బాక్సుకి మెషిన్ పెట్టి ప్రెజర్‌తో ఫ్లష్ చేయించడం కంటే, ప్యాన్ దించి, ఫిల్టర్ మార్చి, కారినంత ఆయిల్ మాత్రమే కొత్తది పోయించడం మంచిది. ఆయిల్ కూడా ఆ మోడల్‌కి చెప్పిందే కావాలి. ఫోర్డ్‌లోనే 6-స్పీడ్‌కి మెర్కాన్ ఎల్‌వీ, 10-స్పీడ్‌కి మెర్కాన్ యూఎల్‌వీ. పేర్లు ఒకేలా ఉన్నాయని ఒకదాని బదులు ఒకటి పోయకూడదు.

టోయింగ్‌కి రెడీ చేయడం అనగానే అందరూ హిచ్ కొనడంతో మొదలుపెడతారు. నన్నడిగితే గేర్‌బాక్సుతో మొదలుపెట్టాలి. కొత్త ఆయిల్, ఫ్యాక్టరీ టో ప్యాకేజీ లేని బండికి అదనపు కూలర్, డాష్‌బోర్డులో ఆయిల్ టెంపరేచర్ కనబడే ఏర్పాటు. టో/హాల్ మోడ్ బటన్ ఉంటే వాడాలి. అది పై గేరుకి తొందరగా పోనివ్వదు, దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ ఇస్తుంది. ట్రెయిలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులుంటే 7-పిన్ కనెక్టర్, బ్రేక్ కంట్రోలర్ తప్పనిసరి. 4-పిన్ వైరు లైట్లు వెలిగిస్తుంది, అంతే.

ఇక ప్రకటనల్లో కనబడే "10,000 పౌండ్లు లాగుతుంది" అనే అంకె. ఒకప్పుడు ఎవరి లెక్క వాళ్ళది. 2008లో ఎస్‌ఏఈ సంస్థ జే2807 అనే ప్రమాణం తెచ్చింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర సుమారు 18 కిలోమీటర్ల ఎత్తు దారిని, కనీసం 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, ట్రెయిలర్‌తో వేగం పడిపోకుండా ఎక్కాలి. 2011 మోడళ్ళకి టొయోటా ముందుగా ఒప్పుకుంది, దాంతో టండ్రా అంకెలు తగ్గాయి. మిగతా పెద్ద కంపెనీల హాఫ్-టన్ ట్రక్కులు 2015 మోడళ్ళకి గానీ దారికి రాలేదు. మంచి ప్రమాణమే. కానీ అందులో ట్రక్కులో కూర్చునేది ఇద్దరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. మన ఇళ్ళల్లో పిల్లలు, అమ్మానాన్నలు, ఇడ్లీ కుక్కరు, ఆవకాయ జాడీ లేకుండా క్యాంపింగ్‌కి ఎవరు బయల్దేరతారు?

అందుకే డ్రైవర్ డోర్ తీస్తే కనబడే స్టిక్కర్ చూడాలి. మనుషులు, సామాను కలిపి 1,500 పౌండ్లు మించకూడదు అని ఉందనుకోండి. నలుగురు మనుషులు 650, సామాను 100 పోతే మిగిలింది 750. ట్రెయిలర్ 7,000 పౌండ్లయితే దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు మీదే పడుతుంది. 12 శాతం అనుకున్నా 840. లాగగలదని ప్రకటన చెప్తున్నా, స్టిక్కర్ ప్రకారం ఓవర్‌లోడ్.

అక్కడ సెకండ్ హ్యాండ్ ట్రక్కు చూడ్డానికి వెళ్ళే సీనియర్లకి ఒక మాట. ముందు వెనక్కి వెళ్ళి హిచ్ రిసీవర్ లోపల గీతలు, అరుగుదల ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ బండి బరువు లాగిందనే లెక్క, అప్పుడు గేర్‌బాక్సు ఆయిల్ మార్చిన రసీదు అడగండి. చాలా కొత్త మోడళ్ళకి డిప్‌స్టిక్ ఉండదు కాబట్టి లిఫ్ట్ ఎక్కించి చూడమనండి. ఆయిల్ నల్లగా ఉండి మాడు వాసన వస్తే, టెస్ట్ డ్రైవ్‌లో ఇంజిన్ అరుస్తున్నా వేగం పెరక్కపోతే, రేటు ఎంత తగ్గించినా వద్దనండి. ఆయిల్, ఫిల్టర్ కొన్ని వందల డాలర్లలో అయిపోతాయి, గేర్‌బాక్సు విప్పి కట్టించాలంటే వేలల్లో మాట.