మోటారుకు వేలు, తీగకు బేరాలు!

హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టు తెలియని వారు మన జిల్లాలో అరుదు. ఏడవ నిజాం కొడుకు మొజంజా పేరిట 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్టు గడియారం కిందనే పట్నం పోయిన పల్లె జనం ఒకరికోసం ఒకరు నిలబడి ఎదురుచూస్తారు. పండ్ల టోకు వ్యాపారం అక్కడి నుంచి ఎప్పుడో తరలిపోయింది. అయినా ఆ చుట్టుపక్కల దొరకని సరుకు లేదు. అక్కడి నుంచి కోఠి వైపు నడిస్తే ట్రూప్ బజారు. తీగలు, స్విచ్చులు, కరెంటు సామాన్ల దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. ఈమధ్య అక్కడికి మన నాగార్జునసాగర్ వెనుక జలాల జాలర్లు కూడా పోతున్నారు. వారు అడిగేది పడవ మోటారుకు తీగలు, బ్యాటరీలు.

ఇది సంతోషించదగిన మార్పే. ఆనకట్ట కట్టే రోజుల్లో విశాఖ నుంచి వచ్చి స్థిరపడిన వైజాగ్ కాలనీ వారైనా, చందంపేట, నేరేడుగొమ్ము వైపు బెస్తలైనా, తెడ్డు వేసి వేసి రెక్కలు పడిపోతున్నవారే. డీజిలు ఇంజను పెట్టుకుందామంటే వచ్చిన చేపల డబ్బు డీజిలుకే చాలదు. పైగా సాగర్ నీరు ఎందరికో తాగునీరు. అందులో నూనె కారడం ఎవరికీ మంచిది కాదు. బ్యాటరీతో తిరిగే మోటారుకు చప్పుడు లేదు, పొగ లేదు. 1934లో అమెరికాలోని ఫార్గో పట్టణంలో ఒ.జి. షమిట్ అనే ఆయన ఇటువంటి మోటారు తయారు చేశాడు. కేరళలో వైకం రేవు నుంచి 2017లో 75 మంది ఎక్కే సౌరశక్తి పడవనే నీటిలోకి దించారు. కాబట్టి మోటారు మంచిదా కాదా అన్న చర్చ అనవసరం. చర్చ అంతా దానికి తగిలించే బ్యాటరీ, తీగల గురించే.

నిరుడు మా బావ అప్పు చేసి 12 వోల్టుల మోటారు తెచ్చాడు. దానికే డబ్బంతా అయిపోయింది. ఇంట్లో ఉన్న పాత ట్రాక్టరు బ్యాటరీ పడవ ముందు భాగాన పెట్టాడు. తీగ కోసం పట్నంలో ఒక దుకాణానికి పోతే, ఇంటి వైరింగుకు వాడే 2.5 ఎం.ఎం. తీగ చుట్ట చేతిలో పెట్టారు. "ఇండ్లల్ల ఫ్రిజ్జులు, గ్రైండర్లు దీని మీదనే నడుస్తయి. మీ పడవకేమైతది?" అన్నాడట దుకాణదారు. పోయేటప్పుడు మోటారు బాగానే తిరిగింది. సాయంత్రం ఎదురుగాలి లేచేసరికి జోరు తగ్గింది. తీగ మీది ప్లాస్టిక్ కరిగి పొగ వచ్చింది. తీగ పీకేసి, చీకట్లో తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. తెడ్డు వెంట ఉంది కనుక మనిషి దక్కాడు. లేకుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఆ దుకాణదారు చెప్పింది ఇంటి వరకు నిజమే, పడవకు కాదు. మోటారు పూర్తి వేగంతో తిరిగితే సుమారు 40 ఆంపియర్లు లాగుతుంది. అంటే 480 వాట్లు. అంతే శక్తికి ఇంటి 230 వోల్టుల కరెంటులో రెండు ఆంపియర్లు చాలు. వోల్టులు తక్కువైతే ఆంపియర్లు పెరుగుతాయి. ఆంపియర్లు పెరిగితే తీగ లావు పెరగాలి.

లెక్క చూడండి. బ్యాటరీ నుంచి మోటారుకు నాలుగు మీటర్లుంటే, పోయే తీగ, వచ్చే తీగ కలిపి ఎనిమిది మీటర్లు. 2.5 ఎం.ఎం. రాగి తీగలో 40 ఆంపియర్లు పారితే దారిలోనే సుమారు రెండున్నర వోల్టులు పోతాయి. ఇంటి 230లో అది లెక్కలోకి రాదు. పడవ 12లో అది అయిదో వంతు! ఆ పోయిన శక్తి నూరు వాట్ల బల్బంత వేడిగా మారి తీగను కాలుస్తుంది. అదే 16 ఎం.ఎం. తీగ వేస్తే పోయేది అర వోల్టు కూడా ఉండదు. తీగ పొడవు తగ్గించినా మేలే.

తీగ కొనేటప్పుడు మెత్తగా వంగే, సన్నని పోగుల రాగి తీగ అడగాలి. వెల్డింగ్ కేబుల్ కూడా పనికొస్తుంది కాని అందులో అల్యూమినియం రకం కూడా అమ్ముతారు. కొన గోకి ఎర్రగా ఉందో లేదో చూసి మరీ తీసుకోవాలి. కొనలకు లగ్గులు నొక్కించాలి. ఉత్త చేత్తో మెలిపెట్టిన అతుకు నీటి తడికి చిలుము పడుతుంది, వేడెక్కుతుంది.

బ్యాటరీ ధన కొనకు జానెడు దూరంలోపు ఫ్యూజు ఉండి తీరాలి. అది మోటారు లాగే ఆంపియర్లకు కాస్త ఎక్కువగా, తీగ తట్టుకునేదానికి తక్కువగా ఉండాలి. ఇంటి ఎం.సి.బి. దీనికి పనికిరాదు. డి.సి. రకమని రాసి ఉన్నదే కావాలి. సోలారు సామాన్లమ్మే చోట దొరుకుతుంది.

ఇక బ్యాటరీ. ట్రాక్టరు బ్యాటరీ ఇంజనును లేపడానికి క్షణం సేపు బలంగా కరెంటు ఇచ్చేది. గంటల తరబడి లాగితే దాని పలకలు కొద్ది నెలల్లోనే పాడవుతాయి. బ్యాటరీ ఆటోలకు, ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ రకం మేలు. అయితే అది బరువు, ఊగే పడవలో ఆమ్లం చిందే భయం ఉంది. మూత ఉన్న పెట్టెలో కదలకుండా కట్టాలి. పుట్టిలో పోయేవారికి లిథియం బ్యాటరీ అనువు. నూరు ఆంపియర్ అవర్లది ఇంచుమించు పన్నెండు కిలోలే. కాని ఖరీదు ఎక్కువ, చార్జరు వేరు.

నూరు ఆంపియర్ అవర్లంటే 40 ఆంపియర్లతో రెండున్నర గంటలు నడుస్తుందని అంగట్లో చెబుతారు. నమ్మకండి. ఆ నూరు అన్నది సాధారణంగా ఇరవై గంటలు నెమ్మదిగా లాగినప్పటి లెక్క. పూర్తి జోరున, బ్యాటరీ చెడకుండా సగమే వాడుకుంటే గంట, ఆపై కొద్దిసేపు మాత్రమే. మోటారు ఆపి కాసేపయ్యాక మీటరులో 12.1 వోల్టులు చూపితే సగం అయిపోయినట్టే, ఒడ్డుకు మళ్లాలి. ఆ రాత్రే చార్జింగు పెట్టాలి. ఆ గదిలో బీడీ, పొయ్యి ఉండరాదు.

ఇవన్నీ ఒక్కొక్క జాలరి పట్నం పోయి, దెబ్బ తిని నేర్చుకోవాలా? మత్స్య సహకార సంఘాలు పదిమందికి కలిపి టోకున కొంటే సరుకూ మంచిది దొరుకుతుంది, ధరా కలిసి వస్తుంది. మత్స్యశాఖ వారు ఏ పథకం కింద మోటారు ఇచ్చినా తగిన తీగ, ఫ్యూజు, బ్యాటరీ పెట్టె కలిపి ఒకే జతగా ఇవ్వాలి. రేవు దగ్గర ఒక పూట బిగించి చూపాలి. ఐ.టి.ఐ. చదివిన కుర్రవాళ్లు ఊరూరా ఉన్నారు. వారికి ఈ పని అప్పగిస్తే వారికీ నాలుగు డబ్బులు వస్తాయి.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడం తెలివి కాదు. ట్రూప్ బజారులో తీగ దగ్గర మిగిలిన నాలుగు వందలు నడి సాగర్‌లో ఎవరినీ ఒడ్డుకు చేర్చవు. మా బావ ఇప్పుడు 16 ఎం.ఎం. తీగ వేసుకున్నాడు, ఫ్యూజు పెట్టించాడు. అయినా తెడ్డు మాత్రం పడవలోంచి తీయలేదు. మీరూ తీయకండి.