చమురు, గ్యాస్, గాలి అన్నీ ఉన్న టెక్సస్‌లో కరెంటు ఎందుకు పోయింది? సొంత గ్రిడ్ వెనుక కథేంటి?

అమెరికాలో పిల్లలున్న చాలా తెలుగు కుటుంబాలకు 2021 ఫిబ్రవరి మూడో వారం గుర్తుండే ఉంటుంది. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల్లో మంచు తుపాను. కరెంటు లేదు, హీటర్లు పనిచేయలేదు, పైపులు పగిలి నీళ్లు ఆగిపోయాయి. 45 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపార సంస్థలకు సరఫరా నిలిచిపోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు.

చమురు, సహజవాయువు, పవన విద్యుత్... ఈ మూడింటి ఉత్పత్తిలోనూ అమెరికాలో టెక్ససే నంబర్ వన్. మరి ఇంధనానికి కొదవలేని రాష్ట్రంలో కరెంటు ఎందుకు పోయింది? దీనికి జవాబు కావాలంటే టెక్సస్ భూగోళం, చరిత్ర, ఆర్థిక వ్యవస్థ మూడింటినీ చూడాలి.

ఎంత పెద్ద రాష్ట్రం?

టెక్సస్ విస్తీర్ణం సుమారు 6.95 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే దాదాపు 2.75 లక్షలు. అంటే రెండు తెలుగు రాష్ట్రాలకు రెండున్నర రెట్లు. జనాభా మాత్రం 3 కోట్ల పైచిలుకే. అందులో ఎక్కువ మంది డల్లాస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో నగరాల మధ్య ఉన్న త్రికోణంలోనే ఉంటారు.

గాలి బాగా వీచేది మాత్రం జనం పలచగా ఉండే పశ్చిమ ప్రాంతంలో. అక్కడి కరెంటును తూర్పు నగరాలకు చేర్చడానికి ప్రభుత్వం ప్రత్యేక పథకం పెట్టి, సుమారు 5,800 కిలోమీటర్ల ట్రాన్స్‌మిషన్ లైన్లు వేయించింది. 2014 నాటికి పూర్తయిన ఈ పనికి దాదాపు 700 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆ డబ్బు వినియోగదారుల బిల్లుల నుంచే వస్తోంది.

వాతావరణం మరో సమస్య. దక్షిణాన గల్ఫ్ తీరానికి హరికేన్ల ముప్పు. ఉత్తరాన ఆర్కిటిక్ నుంచి దిగే చలిగాలులను ఆపే కొండల వరుస ఏదీ లేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలోనే చలికాలంలో సున్నా కంటే కిందికి పడిపోయే రోజులూ ఉంటాయి.

సొంత గ్రిడ్ ఎందుకు పెట్టుకుంది?

టెక్సస్ 1836లో మెక్సికో నుంచి విడిపోయి స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంది. 1845లో అమెరికాలో చేరింది. 1901లో బోమాంట్ దగ్గర స్పిండిల్‌టాప్ బావిలో చమురు ఎగజిమ్మడంతో పత్తి, పశువుల మీద బతికే రాష్ట్రం ఇంధన రాష్ట్రంగా మారిపోయింది. వాషింగ్టన్ పెత్తనం తమకు అక్కర్లేదన్న ధోరణి అక్కడి రాజకీయాల్లో మొదటి నుంచీ ఉంది.

1935లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. రాష్ట్రాల సరిహద్దులు దాటే కరెంటు అమ్మకాలపై ఫెడరల్ నియంత్రణ ఉంటుందన్నది దాని సారాంశం. దీంతో అక్కడి విద్యుత్ కంపెనీలు సరిహద్దు దాటకుండానే వ్యాపారం చేసుకుంటే ఆ నియంత్రణ తమకు వర్తించదని లెక్క వేసుకున్నాయి. 1970లో ఎర్కాట్ అనే సంస్థ ఏర్పడింది. ఇప్పుడు రాష్ట్రంలోని 90 శాతం విద్యుత్ లోడ్‌ను నడిపేది ఇదే. 1976లో ఒక కంపెనీ రాత్రివేళ ఓక్లహోమాకు లైన్ కలిపితే, మిగతా కంపెనీలు దానితో సంబంధాలు తెంచుకుని కోర్టుల దాకా వెళ్లాయి.

అందుకే అమెరికా ప్రధాన భూభాగంలో మూడు పెద్ద గ్రిడ్లు ఉంటాయి: తూర్పు, పడమర, టెక్సస్.

2021లో అసలేం జరిగింది?

చలికి గ్యాస్ బావులు, పైపులైన్లలోని పరికరాలు గడ్డకట్టాయి. గ్యాస్ అందక విద్యుత్ కేంద్రాలు ఆగాయి. లోడ్ తగ్గించడానికి కరెంటు కోస్తే, గ్యాస్ సరఫరా చేసే కొన్ని కేంద్రాలకే కరెంటు పోయింది. దాంతో గ్యాస్ ఇంకా తగ్గింది. గాలిమరలు, బొగ్గు కేంద్రాలు, ఒక అణు యూనిట్ కూడా దెబ్బతిన్నా, ఎక్కువ లోటు గ్యాస్ వైపు నుంచే వచ్చింది.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, 60 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.4 కంటే కిందికి జారింది. మరో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే ఉంటే గ్రిడ్ మొత్తం కుప్పకూలేది. మళ్లీ నిలబెట్టడానికి వారాలు పట్టేదని అధికారులే చెప్పారు. దాన్ని తప్పించడానికి ఒక దశలో 20,000 మెగావాట్ల లోడ్‌ను కోసేశారు.

బయటి నుంచి తెచ్చుకోవచ్చు కదా? తెచ్చుకోవడానికి ఉన్న లైన్ల సామర్థ్యం సుమారు 1,200 మెగావాట్లు మాత్రమే. పొరుగు రాష్ట్రాలు కూడా అప్పుడు చలితో సతమతమవుతున్నాయి కాబట్టి పూర్తి లోటు తీరేది కాదు. కానీ పడమటి గ్రిడ్‌లో ఉన్న టెక్సస్ నగరం ఎల్ పాసోలో కోతలు దాదాపు లేవు. 2011లో ఇలాంటి చలికే దెబ్బతిన్న ఎల్ పాసో, తర్వాత తన ప్లాంట్లను చలికి తట్టుకునేలా మార్చుకుంది. అదే ఏడాది ఫెడరల్ సంస్థలు చేసిన సిఫార్సులను మిగతా టెక్సస్ పెద్దగా పట్టించుకోలేదు.

మన గ్రిడ్ సంగతేంటి?

ఈ అనుభవం మనకూ ఉంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం చీకట్లో మునిగినప్పుడు దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉండటంతో మనం బయటపడ్డాం. కానీ అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చారు. ఉత్తరాది నుంచి కొందామన్నా తెచ్చుకోవడానికి సరిపడా లైన్లు లేవు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైన్‌తో దక్షిణాది జాతీయ గ్రిడ్‌లో కలిసింది. విడిగా ఉంటే పక్కింటి మంట అంటుకోదు. మన ఇంట్లో మంట లేస్తే మాత్రం నీళ్లు తెచ్చుకునే దారి కూడా ఉండదు.

బిల్లు ఎవరు కట్టారు?

ఇక్కడ డిస్కంలు కరెంటు కొనకపోయినా, ప్లాంటు సిద్ధంగా ఉంటే ఒప్పందం ప్రకారం ఫిక్స్‌డ్ ఛార్జీలు చెల్లిస్తాయి. ఆ భారం మన టారిఫ్‌లో కనిపిస్తుంది. టెక్సస్‌లో ప్రధానంగా అమ్మిన కరెంటుకే డబ్బు. అందుకే ఎప్పుడో వచ్చే చలి కోసం ఖర్చు పెట్టడానికి కంపెనీలు ముందుకు రాలేదు.

కొరత వచ్చినప్పుడు టోకు ధర పెరిగితే ఉత్పత్తి పెరుగుతుందన్నది అక్కడి సూత్రం. 2021లో ఆ ధర గరిష్ఠ పరిమితికి చేరి యూనిట్‌కు 9 డాలర్లయింది. మామూలుగా ఇంటి బిల్లులో యూనిట్ 12 సెంట్ల చుట్టుపక్కల ఉండేది. ప్లాంట్లే గడ్డకట్టినప్పుడు ధర ఎంత పెరిగినా కరెంటు పుట్టలేదు. టోకు ధరకు ముడిపడిన ప్లాన్లు తీసుకున్న ఇళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. కంపెనీల నష్టాల్లో కొంత బాండ్లుగా మారి, ఏళ్ల తరబడి వినియోగదారుల నుంచే వసూలవుతోంది.

ఇప్పుడు పరిస్థితి మారిందా?

కొంత మారింది. ప్లాంట్లు చలికి తట్టుకునేలా ఏర్పాట్లు చేసుకోవాలని 2021లోనే చట్టం వచ్చింది. టోకు ధర పరిమితిని యూనిట్‌కు 5 డాలర్లకు తగ్గించారు. ఇళ్లకు టోకు ధర ప్లాన్లు అమ్మడం నిషేధించారు. కొత్త విద్యుత్ కేంద్రాలకు రుణాలిచ్చే నిధికి 2023 నవంబర్‌లో ఓటర్లు ఆమోదం తెలిపారు. సోలార్, బ్యాటరీలు వేగంగా పెరిగాయి. 2023 ఆగస్టు 10న డిమాండ్ రికార్డు స్థాయిలో 85,508 మెగావాట్లకు చేరినా కోతలు పెట్టాల్సిన అవసరం రాలేదు.

మరోవైపు డేటా సెంటర్లతో డిమాండ్ ఇంకా పెరుగుతోంది. లూసియానా మీదుగా మిసిసిపీ వరకు 3,000 మెగావాట్ల లైన్ వేయాలన్న ప్రతిపాదన ఉంది. ఆ లైన్ వచ్చినా టెక్సస్ గ్రిడ్ వేరుగానే కొనసాగుతుంది.

అక్కడున్నవారు ఏం చూసుకోవాలి?

డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో చాలాచోట్ల కరెంటు కంపెనీని వినియోగదారుడే ఎంచుకోవాలి. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో నగర సంస్థలే సరఫరా చేస్తాయి కాబట్టి ఆ ఎంపిక ఉండదు. కొత్తగా వెళ్లేవారు రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ నడిపే ‘పవర్ టు చూజ్’ వెబ్‌సైట్‌లో ప్లాన్లను పోల్చుకోవచ్చు. ధర స్థిరమా, మారేదా? 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు ధర ఎంత? మధ్యలో మానేస్తే జరిమానా ఎంత? ప్రతి ప్లాన్‌తో ఇచ్చే వివరాల పత్రంలో ఇవన్నీ ఉంటాయి. సంతకం పెట్టే ముందు ఆ పత్రం చదవడం మర్చిపోవద్దు.