అర్జీ ఎవరి మీదో, ఆ బల్ల మీదికే

2020 జూన్ 27న నెల్లూరులోని ఏపీ టూరిజం కార్యాలయంలో, మాస్కు పెట్టుకోమన్న పాపానికి ఒక దివ్యాంగ కాంట్రాక్టు ఉద్యోగినిని డిప్యూటీ మేనేజరు జుట్టు పట్టి లాగి కొట్టాడు. సీసీ కెమెరా దృశ్యాలు మూడో రోజుకు ఫోన్లకెక్కాయి. ఆ తర్వాత సస్పెన్షనూ అరెస్టూ ఎంతోసేపు పట్టలేదు. మరుసటి ఏడాది జూన్‌లో అదే ఊళ్లో, ప్రభుత్వ పెద్దాసుపత్రి సూపరింటెండెంటు ఒక హౌస్ సర్జన్‌ను వేధించాడన్న ఆరోపణ ఫోన్ ఆడియో బయటికి రావడంతో రచ్చకెక్కింది. విచారణకు ఆదేశాలు వెళ్లాయి, అధికారికి బదిలీ అయింది. రెండుసార్లూ ప్రభుత్వం చురుగ్గానే కదిలింది, కాదనలేం. కాకపోతే ఒకసారి కదిలించింది కెమెరా, ఇంకోసారి ఫోను. బాధితురాలు ఒంటరిగా వచ్చి నోటితో చెప్పుకుని ఉంటే ఇంత చురుకు ఉండేదా అన్నదే అసలు ప్రశ్న. మన విచారణ యంత్రాంగం సాక్ష్యం చేతికొచ్చాక బాగానే పనిచేస్తుంది. మాట మాత్రమే ఉన్నవాళ్లకు అది ఇప్పటికీ అందుబాటులో లేదు.

పని చోట పెట్టే హింసలో కెమెరాకు చిక్కేది బహు తక్కువ. ఉదయగిరి ప్రాంతంలో, వరికుంటపాడు లాంటి మెట్ట మండలంలో సచివాలయ ఉద్యోగో, ఏఎన్ఎమ్మో, అంగన్‌వాడీ టీచరో, ఔట్‌సోర్సింగ్ ఆపరేటరో పడే బాధ ఎలా ఉంటుందో చూడండి. పదిమంది వింటుండగా టెలికాన్ఫరెన్సులో ఒక్కరినే పట్టుకుని తిట్టడం, అడిగిన సెలవు తొక్కిపెట్టడం, చిన్న ఆలస్యానికి మెమో మీద మెమో ఇవ్వడం, జీతం బిల్లు మీద సంతకం రేపు మాపంటూ తిప్పడం. విడివిడిగా చూస్తే ఒక్కోటీ మామూలు ఆఫీసు వ్యవహారమే. ఏడాది పొడవునా ఒకే మనిషి మీద పడుతుంటే వేధింపు. దీని మీద సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇద్దామంటే నెల్లూరు వంద కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఆ రోజుకు సెలవు కావాలి. సెలవిచ్చేది వేధిస్తున్న ఆ అధికారే. పోనీ ఎలాగో వెళ్లి ఇచ్చొచ్చినా, కాగితం జిల్లా కార్యాలయం నుంచి డివిజనుకు, డివిజను నుంచి మండలానికి మెట్లు దిగుతుంది. ‘విచారించి నివేదిక పంపగలరు’ అన్న రాతతో అది ఎవరి మీద అర్జీయో వాళ్ల బల్ల మీదికో, వాళ్ల పక్క బల్ల మీదికో చేరుతుంది. ఇక ఆ వారంలో ఆఫీసులో అర్జీ ఇచ్చిన మనిషితో ఎవరు మాట్లాడతారు?

ఈ మెట్ల దారిని తప్పించిన చట్టం ఒకటుంది, లైంగిక వేధింపులపై 2013లో వచ్చినది. పదిమందికి తక్కువ పనిచేసే చోటైనా, యజమాని మీదే ఫిర్యాదైనా జిల్లా స్థాయి స్థానిక కమిటీ వింటుంది. ప్రతి మండలంలో ఒక నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని వారంలోగా కమిటీకి పంపాలి. తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. కాగితం మీద ఇది చక్కటి ఏర్పాటే. వరికుంటపాడులో ఆ నోడల్ అధికారి ఎవరని బస్టాండులో అడిగితే ఎంతమంది చెప్పగలరో మీరే ఊహించుకోండి. చట్టం వచ్చి పదకొండేళ్లయ్యాక, 2024 డిసెంబరులో కూడా సుప్రీంకోర్టు ఆ చట్టం కింద జిల్లా అధికారులను నియమించండని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. పైగా ఆ చట్టం లైంగిక వేధింపుకు, అదీ మహిళలకే. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. ఈ రెండింటి కిందికీ రాని వేధింపుకు మిగిలింది ప్రభుత్వోద్యోగుల మీద చర్యలకు ఉన్న 1991 నాటి క్రమశిక్షణ నియమావళి. అందులో వ్యవహారమంతా ప్రభుత్వానికీ ఆరోపణ ఎదుర్కొనే ఉద్యోగికీ మధ్యనే, బాధితుడు ఒట్టి సాక్షి. ఔట్‌సోర్సింగ్ మనిషికైతే అంతమాత్రం కూడా లేదు. ‘రేపటి నుంచి రావద్దు’ అని ఏజెన్సీ నుంచి ఒక ఫోన్ వస్తే చాలు.

ఇలాంటి వేధింపులన్నిటికీ ఫిర్యాదు దారి తెరిస్తే పని చేయించే అధికారి మీదల్లా ఫిర్యాదులు పడతాయని, ఆఫీసులో అదుపు ఉండదని వాదించేవారున్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం, కక్షతో రాసే అర్జీలకు మన జిల్లాలో కొదవలేదు. అయితే ఈ చిక్కును ఇప్పటికే విప్పినవాళ్లున్నారు. ఆస్ట్రేలియాలో 2012లో పార్లమెంటు కమిటీ ఒకటి పని చోట వేధింపుల మీద విచారణ జరిపి, బాధపడ్డ ఉద్యోగుల మాట నేరుగా విన్నది. ఆ తర్వాత చట్టం మారింది. 2014 జనవరి 1 నుంచి అక్కడి ఫెయిర్ వర్క్ కమిషన్ వేధింపును ఆపమని ఉత్తర్వు ఇవ్వగలుగుతోంది. పదే పదే జరిగిన అనుచిత ప్రవర్తననే అది లెక్కలోకి తీసుకుంటుంది. సబబైన తీరులో పని అడగడం, తప్పుకు చర్య తీసుకోవడం వేధింపు కాదని చట్టంలోనే ఉంది. ఈ ఉత్తర్వుతో పరిహారం కూడా రాదు కాబట్టి డబ్బాశతో వచ్చేవారికి అక్కడ పని లేదు. మన 2013 చట్టం కూడా తెలిసి చేసిన తప్పుడు ఫిర్యాదుకు చర్య ఉందంటూనే, రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని తేల్చింది. ఆకాశరామన్న ఉత్తరాలను పక్కన పడేయడం న్యాయమేనని నా అభిప్రాయం. పేరు లేని ఆరోపణకు ఎవరు మాత్రం ఏం బదులిస్తారు? అలాగని సంతకం పెట్టినవాళ్ల పేరు ఆఫీసంతా పాకాల్సిన పనీ లేదు. కమిటీకి తెలిస్తే చాలు.

పని చోట హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒడంబడికను భారత్ ఇంకా ఆమోదించలేదు. అందాకా రాష్ట్రం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. తన ఉద్యోగులు, తన పనులు చేసే ఏజెన్సీల మనుషుల మట్టుకైనా స్థానిక కమిటీ తరహా ఏర్పాటును ఒక జీవోతో అన్ని రకాల వేధింపులకూ విస్తరించవచ్చు. వాంగ్మూలం ఆ ఆఫీసులో కాక బయట తీసుకోవాలి. విచారణ ముగిసేదాకా కమిటీకి చెప్పకుండా ఏజెన్సీ ఎవరినీ తీసేయకూడదన్న షరతు కాంట్రాక్టులోనే రాయించాలి. ఫిర్యాదు చేసిన మహిళ పనితీరు మీద నిందితుడైన అధికారి నివేదిక రాయకుండా ఆపి, ఆ పనిని వేరే అధికారికి అప్పగించే వీలు 2013 నియమాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని ఈ ఫిర్యాదులన్నిటికీ వర్తింపజేసి, సెలవు చీటీ, జీతం బిల్లు కూడా అదే వేరే అధికారి సంతకానికి వెళ్లేట్టు చూడాలి.