రెండో ఏడు కూడా రండి!

ఎం.పి.సి. చదివినవాడు ఇంజనీరో, లెక్చరరో, బ్యాంకు ఉద్యోగో కావాలని మనవాళ్ల నమ్మకం. మొన్న మన కాలేజీ పూర్వ విద్యార్థి ఒకాయన వచ్చి తన ఉద్యోగం గురించి చెబితే మాలో సగం మందికి అర్థం కాలేదు. పిల్లల చదువు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకూ, వాటికి డబ్బిచ్చే దాతలకూ సలహాలు చెప్పడమట! ఇంటికెళ్లి చెబితే మా నాన్న పగలబడి నవ్వారు. మా ఊళ్లో ఊరికే దొరికేది సలహా ఒక్కటే మరి.

కానీ మిత్రులారా, ఇది నవ్వి కొట్టిపారేసే పని కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. సిమెంటు అమ్మేవాళ్లకు, రెండో తరగతి పిల్లవాడికి చదవడం ఎందుకు రావడం లేదో ఏం తెలుస్తుంది? చెప్పేవాడొకడు కావాల్సిందే. అమెరికాలో బ్రిడ్జ్‌స్పాన్ అనే సంస్థ 2000లో ఇలాంటి పని కోసమే పుట్టింది.

అయితే సలహా మంచిదో కాదో ఎప్పుడు తేలుతుంది? మన ఆంధ్ర దేశంలోనే దీనికొక పాఠం ఉంది. 2005 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశోధకులు కొన్ని ప్రభుత్వ పాఠశాలలకు పుస్తకాలూ సామగ్రీ కొనుక్కోమని డబ్బిచ్చారు. మొదటి ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడూ డబ్బిచ్చారు, ఫలితం మాత్రం కనిపించలేదు. కారణం, బడికి డబ్బొస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తమ సొంత ఖర్చు తగ్గించేశారు. 2013లో అచ్చయిన ఆ వ్యాసం గురించి వినగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నోటుపుస్తకాలు బడిలోనే ఇస్తారంటే, ఆ డబ్బు ఎరువుల కొట్టు బాకీకి పోయేది. పరిశోధకుల లెక్కలో అది విఫలం. మా ఇంట్లో అది విఫలమని ఎవరనగలరు? ఈ సంగతి మొదటి ఏడే రిపోర్టు రాసి వెళ్లిపోయినవాడికి ఎన్నటికీ తెలియదు.

మా ఊరి బడికి ఒక కంపెనీ కంప్యూటర్లిచ్చింది. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీసుకున్నారు. మరుసటి వేసవికి ఇన్వర్టరు బ్యాటరీ పోయింది. ఎవరికి చెప్పాలో హెడ్మాస్టరుగారికి తెలియలేదు. సలహాదారుకి ఫీజిచ్చేది దాత. కాబట్టి ఆయన ముఖం ఎప్పుడూ దాత వైపే. విత్తనాలమ్మినవాడు మళ్లీ చేలోకొచ్చి మొలక చూడ్డం మీలో ఎవరైనా ఎరుగుదురా? రెండో ఏడు అదే ఊరు వెళ్లి, అదే పిల్లల్ని చూసొస్తేనే మిగతా ఫీజు అని ఒప్పందం రాసుకుంటే తప్పేముంది?

ఆ పెద్దమనిషినే అడిగాను, "మీరు సలహా చెప్పిన ఊరికి రెండో ఏడు వెళ్లారా సార్?" అని. "ప్రాజెక్టు అప్పటికే ముగిసిందయ్యా" అన్నారు. దాచకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవమే కలిగింది.

దాచడమెందుకు, నాకూ ఆ ఉద్యోగం మీద మనసుంది. డిగ్రీ కాగానే దరఖాస్తు పెడతానని నాన్నతో అన్నాను. ఈసారి నవ్వలేదు. "ఏ ఊళ్లో బడికి పంపుతార్రా?" అని మాత్రం అడిగారు. ఆఫీసు హైదరాబాదులో ఐదో అంతస్తులో ఉంటుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి