ఉప్పు తిన్న పిట్టలు

పిట్టల్ని చూడ్డానికి కెనడా చలిలో మూడు గంటలు కారు ప్రయాణం చేస్తారని ఎవరైనా అంటే, "పనిలేక కాబోలు" అనేవాణ్ణి. టొరంటోలో మా అబ్బాయి యింటికి వెళ్లాక ఆ పని నేనే చేశాను. పట్టుబట్టింది మా పదేళ్ల మనవరాలు.

వెళ్లింది ఆల్గోంక్విన్ పార్కుకి. పార్కంటే సిమెంటు బెంచీల పార్కు కాదండోయ్! 1893లో ఏర్పరచిన అడవి. 7,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. చలికాలంలో అక్కడికి ఫించి జాతి పిట్టలు వస్తాయి. అయితే తిథివార నక్షత్రాలు చూసుకుని రావు. ఉత్తరాది అడవుల్లో స్ప్రూస్ కాయలు, బర్చి గింజలు బాగా కాస్తే అక్కడే వుండిపోతాయి. కాపు తప్పితే గుంపులుగా దక్షిణానికి దిగుతాయి. సంక్రాంతి అల్లుళ్లలాగ, మర్యాద ఎక్కడ జరిగితే అక్కడే మకాం.

ఏ ఏడు ఏ పిట్ట వస్తుందో చెట్ల కాపునుబట్టి ముందే చెప్పే పంచాంగం కూడా వుంది. 1999లో రాన్ పిట్టవే అనే ఆయన (పేరులోనే పిట్ట వుంది చూశారా!) మొదలుపెడితే, 2020లో టైలర్ హోర్ అందుకున్నారు.

పార్కు సందర్శకుల భవనం దగ్గర పొద్దుతిరుగుడు గింజలు పెట్టారు. పసుపూ నలుపూ కలిసిన ఈవెనింగ్ గ్రోస్‌బీకులు వాటిమీద వాలి తగువులాడుకుంటున్నాయి. చిన్నప్పుడు మా అమ్మ వసారా చూరుకి కట్టే వరికంకుల కుచ్చు, దానికోసం పిచ్చుకల పోట్లాట జ్ఞాపకం వచ్చాయి. యీ పిట్టలు తగ్గిపోతున్నాయని 2016లో కెనడా నిపుణుల సంఘం ఆందోళన పడవలసిన జాబితాలో చేర్చింది.

"తాతయ్యా, దాని ముక్కు విరిగిపోయింది!" అంది మనవరాలు, చెట్టుమీది ఎర్రపిట్టను చూపిస్తూ. విరగలేదు. క్రాస్‌బిల్ ముక్కే అంత; పైదీ కిందిదీ కత్తెరలా పెడతాయి. ఆ వంకరతోనే కాయ రెక్కలు ఎడంచేసి, నాలుకతో గింజ లాగుతుంది. కాపు బాగుంటే నడిచలికాలంలోనే గూడుకట్టి పిల్లల్ని పెడుతుంది.

తిరుగుప్రయాణంలో చీకటి పడకముందే చేరాలని మా అబ్బాయి కారు జోరు పెంచాడు. హఠాత్తుగా వెనకనుంచి "నాన్నా, ఆపు!" అని కేక. రోడ్డుమధ్య యిరవై పిట్టలు! మంచు కరగడానికి చల్లిన ఉప్పుకోసం, కందనకాయలో గింజ నలగడానికి కావలసిన ఇసుకకోసం అవి రోడ్డుమీదికి దిగుతాయట. కారు ఆగింది. అవి లేచిపోయాయి. ఒకటి మాత్రం లేవలేదు. మాకంటే ముందు వెళ్లిన బండి ఏదో కొట్టేసింది. నిమిషం తిరక్కుండానే మిగతావి మళ్లీ ఆ పక్కనే వాలాయి.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు. ఇక్కడ ఉప్పు చల్లింది మనం. నీళ్లు తాగుతున్నవి పిట్టలు.

మా అబ్బాయి యేమీ అనలేదు. హారన్ మోగించి, అవి చెట్లెక్కాక కదిలాడు. పార్కు దాటేదాకా నెమ్మదిగానే నడిపాడు. యిల్లు చేరేసరికి గంట ఆలస్యం. కోడలు చారు మళ్లీ వెచ్చబెట్టవలసి వచ్చింది. ఎందుకని అడిగితే మనవరాలే జవాబు చెప్పింది: "అవి రోడ్డు దాటడంలేదమ్మా, భోంచేస్తున్నాయి."