లాంగ్‌టర్మ్‌కి పంపే ముందు...

ర్యాంకులొచ్చిన మర్నాడు కాకినాడ, రాజమండ్రి, భీమవరం... ఏ ఊళ్లో చూసినా చాలా ఇళ్లలో ఒకటే మాట. ‘పోనీ, ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ పెట్టిద్దామా?’

తప్పేం లేదు. కానీ హాస్టల్ ఫీజు కట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. మళ్లీ రాయడానికి ఒక్కో పరీక్షది ఒక్కో లెక్క.

జేఈఈ మెయిన్ 2019 నుంచి ఏటా ఒకటికి మించిన విడతల్లో జరుగుతోంది. ఆ ఏడాది రాసినవాటిలో మంచి స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు. మొదటి విడతలో తడబడినా రెండోది ఉంటుంది, ఏడాది పోదు. అడ్వాన్స్‌డ్ అలా కాదు. వరుసగా రెండేళ్లలో రెండేసార్లు, అంతే. నీట్‌కి ఇన్నిసార్లన్న పరిమితి లేదు. 2022లో గరిష్ఠ వయోపరిమితీ తీసేశారు. మన ఎంసెట్, అదే 2021 నుంచి ఈఏపీసెట్, ఏడాదికి ఒక్కసారే.

ఇక్కడే ఓ చిక్కుంది. నీట్, ఈఏపీసెట్‌లలో నిరుటి ర్యాంకు ఈ ఏడు చెల్లదు. పెరిగినా తగ్గినా కొత్తదే లెక్క. ఈ ఏడాది వచ్చే సీటు వదులుకుంటే, వచ్చే ఏడాది అదైనా దక్కుతుందన్న హామీ లేదు.

అందుకే ముందు మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. ఫిజిక్స్ రాకనా, టైమ్ చాలకనా, భయంతోనా? భయమే అయితే మళ్లీ అదే హాస్టల్, అదే స్టడీ అవర్ మందు కాదు.

తర్వాత రాత్రి అన్నాల దగ్గర పిల్లల్నే అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. ‘వద్దు నాన్నా’ అన్నా, అదీ జవాబే.