పోర్ట్‌లాండ్‌ను అడిగారు, మర్రిగూడను ఎవరడిగారు?

2013 మే 21న ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగర ప్రజలు తమ తాగునీటిలో ఫ్లోరైడ్ కలపొద్దని ఓటేశారు. కలపాలని నగర కౌన్సిల్ 2012 సెప్టెంబర్‌లో ఏకగ్రీవంగా తీర్మానించింది. జనం సంతకాలు సేకరించి ఆ తీర్మానాన్ని బ్యాలెట్ మీదికి తెచ్చారు, 60 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. అప్పుడు మనవాళ్ల మధ్య రెండు రకాల మాటలు తిరిగాయి. "చూశారా, అమెరికావాళ్లే విషమని వద్దన్నారు" అని తెలంగాణ మిత్రులు కొందరన్నారు. "అమెరికాలో డబ్బులు పెట్టి మరీ కలుపుకుంటుంటే మీరు నల్గొండ, నల్గొండ అని గగ్గోలు పెడుతున్నారు" అని సమైక్యవాదులు ఎద్దేవా చేశారు. రెండూ తప్పే. మొదటిది మన నోట రావడం మనకే నష్టం.

1945లో మిషిగన్‌లోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో మొదలైన పని ఇది. పళ్లు పుచ్చిపోకుండా నీళ్లలో కొద్దిపాటి ఫ్లోరైడ్ కలుపుతారు. పెద్ద నగరాల్లో మనిషికి ఏడాదికి డాలరు కూడా ఖర్చు కాదు. దంతవైద్యుడి దగ్గరికి పోలేని పేద పిల్లలకు దీనివల్ల మేలు జరిగిందన్నది నిజం. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్ ఉంది కాబట్టి ఆ మేలు మునుపటంత లేదన్నదీ నిజమే. పిల్లల పళ్ల మీద తెల్లమచ్చలు పెరగడంతో లీటరుకు 0.7 నుంచి 1.2 మిల్లీగ్రాములుగా ఉన్న సిఫార్సును 0.7కి దించాలని 2011లో ఫెడరల్ ప్రభుత్వమే ప్రతిపాదించింది. అడగకుండా అందరికీ మందు తాగించడం ఏమిటన్నది వ్యతిరేకుల ప్రధాన ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ 0.7 దగ్గర జరిగే ఈ చర్చకూ మన బోరుబావికీ పొంతన లేదు.

ఆ 0.7 నుంచి 1.2 అనే పాత లెక్క ఎక్కడిదో చూడండి. చల్లటి ఊళ్లకు ఎక్కువ, వేడి ఊళ్లకు తక్కువ అని ఉష్ణోగ్రతను బట్టి కట్టిన లెక్క అది. ఎండ ఎక్కువైతే మనిషి నీళ్లు ఎక్కువ తాగుతాడు, ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువ పోతుంది. మన దగ్గర ప్రమాణం 1.0. వేరే నీటి ఆధారం లేకపోతే 1.5 దాకా సరేనంటారు. ఆఫీసులో కూర్చుని 0.7 నీళ్లు రెండు లీటర్లు తాగేవాడికి రోజుకు అందేది 1.4 మిల్లీగ్రాములు. మే నెల ఎండలో కూలికిపోయి, అనుమతించిన 1.5 నీళ్లే ఐదు లీటర్లు తాగిన మనిషికి అందేది 7.5. ఇది పరిమితి దాటని ఊరి సంగతి. దానికి ఎన్నో రెట్లున్న బోర్ల సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ సమస్య పళ్ల మీద మచ్చలతో ఆగదు. వెన్ను బిగుస్తుంది, మోకాళ్లు లోపలికి వంగుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లోనే ఈ వంకర కాళ్ల గురించి రాశారు.

ఫ్లోరైడ్‌ను ఏ పాలకుడూ భూమిలో పోయలేదు. అది మన గ్రానైట్ రాళ్లలోనే ఉంది. ఆ మాటకొస్తే 1937లో ఈ జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది పొదిలి, దర్శి, కనిగిరి వైపు. అది తర్వాత ప్రకాశం జిల్లా అయింది. కనిగిరి పల్లెల బాధ మన బాధ కంటే తక్కువేం కాదు. మన ఫిర్యాదు రాయి మీద కాదు. చెరువులు పూడిపోతుంటే చూస్తూ కూర్చుని, బోర్లు లోతుకు దిగుతుంటే కరెంటు ఇచ్చి, పక్కనే నాగార్జునసాగర్ నిండుతుంటే ఆ నీళ్లను జిల్లా దాటించిన నిర్ణయాల మీద.

నల్గొండకు దక్కినదల్లా పేరు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. టాంజానియా దాకా పోయింది ఆ పేరు. రోజూ కొలిచి కలపాలి, అడుగున పేరుకున్న బురదను ఎక్కడో పారబోయాలి, పర్యవేక్షించే మనిషి ఉండాలి. ఊళ్లలో అది నిలబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పోర్ట్‌లాండ్ వాళ్లకు బ్యాలెట్ దొరికింది. మనవాళ్లు బ్యాలెట్‌ను తామే తయారు చేసుకున్నారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి జల సాధన సమితి పిలుపుతో నామినేషన్లు వెల్లువెత్తి అక్షరాలా 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. నల్గొండ ఒక్కటే కారణం కాకపోవచ్చు. కానీ నీళ్లకన్నా ముందు వచ్చింది ఆ పెంపే.

ఇక మనవాళ్లకు రుచించని మాట ఒకటి. కృష్ణా నీళ్లు ఇదే జిల్లాలోని కోదండాపూర్‌లో శుద్ధయి, ఫ్లోరైడ్ పల్లెల పక్కనుంచే పెద్ద పైపుల్లో హైదరాబాద్ నల్లాలకు పోతున్నాయి. హైదరాబాద్ మనదే. 2014లో రాష్ట్రం వచ్చింది కాబట్టి ఆ పైపుకు మర్రిగూడ, మునుగోడు వైపు ఎన్ని కొళాయిలు పెడతారన్నది మన నాయకులనే అడగాలి. గెలిచాక అడిగితే జవాబు రాదు. చందాలు పంపుతూ, సభలకు పిలుస్తున్న ఇప్పుడే అడగాలి. ఏ మండలానికి ఏ ఏడాదికల్లా ఉపరితల నీళ్లు ఇస్తారు? అప్పటిదాకా ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉందో ఊరి పంచాయతీ గోడ మీద రాయిస్తారా? అంగన్‌వాడీల్లో పాలు, గుడ్లు పెంచుతారా? కాల్షియం లేని ఒంట్లో ఫ్లోరైడ్ మరింత చెరుపు చేస్తుంది. వచ్చే నెల ఇక్కడికి వచ్చే ప్రతినిధుల ముందు ఈ మూడు ప్రశ్నలూ రాతపూర్వకంగా పెడుతున్నాం. జవాబులు ఎలా వస్తే అలాగే ప్రచురిస్తాం.